కొండకు మొక్కిన చిలక

"జూన్‌లో స్కూలు తెరిచే లోపల పాపను ఆవడికి తీసుకొని పోతాను అత్తా!"

అల్లుడు శరత్‌కుమార్ ఆ మాట అనగానే చెంగమ్మ చేతిలోని మల్లెమొగ్గలు ఒళ్ళో రాలిపోయాయి. తిరుత్తణి మురుగన్ కొండ కింద, మెట్లదారి పక్కన ముప్పై ఏళ్ళుగా పూలు కట్టి అమ్ముకుంటున్న చేతులు అవి. ఏనాడూ ఒక్క మొగ్గ జారవిడవలేదు! తప్పేముంది ఆ మాటలో...? కన్నతండ్రి. ఆవడి ఫ్యాక్టరీలో ఉద్యోగం, క్వార్టర్స్‌లో ఇల్లు, ఇంట్లో రెండో భార్య భార్గవి. ఆ పిల్ల కూడా చెడ్డది కాదు. వచ్చిన ప్రతిసారీ మోక్షితకు గౌను తెస్తుంది, కూర్చోబెట్టి తల దువ్వుతుంది. అన్నీ తెలుసు చెంగమ్మకు. తెలిసినా గుండె ఒప్పుకోవద్దూ!

మూడేళ్ళ కిందట ఆమె ఒక్కగానొక్క కూతురు యువరాణి పచ్చకామెర్లతో తిరువళ్ళూరు ఆసుపత్రికి బయలుదేరుతూ, ఆటోలోంచి చెయ్యి ఊపి "పోతానమ్మా" అంది. "పోతా అనగూడదే, పోయొస్తా అను!" అని చెంగమ్మ వెనక నుంచి అరిచేలోపల ఆటో మలుపు తిరిగింది. మనిషి మళ్ళీ రాలేదు...! ఆ రోజు నుంచి ఆ ఇంట్లో "పోతా" అన్న మాటకు చోటు లేదు. పాలు పోసేవాడైనా సరే "వస్తానమ్మా" అనే గడప దిగాలి.

"ఏందత్తా, పలకవు?"

"వాకిట్లో నిలబడి పోతా అంటా ఉండావే నాయనా... లోపలికొచ్చి కూర్చో. కాపీ తాగు" అంది చెంగమ్మ, ఇంకేం చెప్పాలో తోచక.

అంతలో లోపలి గదిలోంచి వినిపించింది. "తిన్నావా? తిన్నావా?"

శరత్‌కుమార్ ఉలిక్కిపడి నవ్వేశాడు. "ఎవరత్తా అది?"

"మిట్టాయి, అప్పా!" అంటూ తొమ్మిదేళ్ళ మోక్షిత భుజం మీద చిలకతో బయటికి వచ్చింది. "అవ్వ పొద్దస్తమానం నన్ను అడిగేది అదే కదా! నువ్వు పోయినసారి వచ్చినప్పుడు దీనికి మాటలు రాలేదు. విని విని నేర్చేసుకున్నాది."

"ఫారెస్టోళ్ళు చూస్తే కేసు పెడతారు తెలుసునా? ఈ జాతి చిలకను ఇంట్లో పెట్టుకోగూడదు. క్వార్టర్స్‌లో అయితే అసలు కుదరదు కన్నా. దీన్ని ఎవరికైనా ఇచ్చేసి..."

"అయితే నేనూ రాను!"

పిల్ల గిరుక్కున తిరిగి లోపలికి పోయింది. శరత్‌కుమార్ అత్తగారి వైపు చూశాడు. ఆమె తల వంచుకొని రాలిన మొగ్గలు ఏరుకుంటోంది.

ఆ చిలక ఆ ఇంటికి వచ్చింది నిరుడు చలి తగ్గే మాసి నెలలో. తల్లి పోయినప్పటి నుంచి మోక్షిత మాట్లాడటమే మానేసింది. అడిగితే తల ఊపడం, లేకపోతే గోడవైపు తిరిగి పడుకోవడం! చూసి చూసి, తిరువాలంగాడు దగ్గర తాటిచెట్లు ఎక్కే తిరుమలయ్య, చెంగమ్మకు వరసకు అన్న, ఒకరోజు తాటాకు బుట్టలో మూడు చిలకపిల్లల్ని తెచ్చి నట్టింట్లో పెట్టాడు. మొండితాడి తొర్రలో దొరికినాయట. ఇంకా సరిగ్గా ఈకలైనా రాలేదు.

"పెద్దదాన్ని తీసుకో పాపా. గట్టిపిండం. తొందరగా మాటలొస్తాయి" అన్నాడు తిరుమలయ్య.

మోక్షిత చాలాసేపు బుట్ట ముందు కూర్చుంది. రెండు పిల్లలు నోళ్ళు తెరిచి గీపెడుతున్నాయి. మూడోది వాటి కింద ముడుచుకొని ఉంది. కాలివేలు ఒకటి వంకర. మోక్షిత వేలు చాపితే అది కరవనూ లేదు, జరగనూ లేదు. బట్టతల తీసుకొచ్చి ఆ వేలి మీద ఆనించి కళ్ళు మూసుకుంది.

"ఇదే" అంది మోక్షిత. దాదాపు రెండేళ్ళ తర్వాత ఆ పిల్ల నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది!

"అది బతకదమ్మా..."

"ఇదే!"

పుట్నాలపొడి గోరువెచ్చటి నీళ్ళలో గంజిలా కలిపి, చెంచా కొస వంచి, పూటపూటకూ పట్టారు అవ్వా మనవరాలూ. గొంతు కింద సంచి నిండిందా అని వేలితో తాకి చూసుకోవడం కూడా పిల్లకు తిరుమలయ్యే నేర్పాడు. ఈకలు వచ్చాక దానికి ఎక్కడలేని భయం పట్టుకుంది. చెయ్యి పెడితే చాలు, రక్తం వచ్చేలా కరిచేది. "నువ్వు దాన్ని పట్టుకోవద్దు పాపా. చెయ్యి పెట్టి ఊరికే ఉండు. అదే వచ్చి నిన్ను పట్టుకోవాల" అన్నాడు ఆయన. మోక్షిత ఒక చెయ్యి గూట్లో పెట్టి, ఇంకో చేత్తో తమిళ వాచకం పట్టుకొని గట్టిగా పాఠాలు చదువుతూ కూర్చునేది. కరిచినా చెయ్యి తీసేది కాదు. పదకొండో రోజున "అవ్వా! ఎక్కినాదవ్వా, వేలి మీదికి ఎక్కినాది!" అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది. పొయ్యి దగ్గర చెంగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఎంతసేపు ఏడ్చిందో...!

కానీ ఆమెకు సంతోషం వెనకే భయం వస్తుంది. రెక్కలొచ్చాయే, ఎగిరిపోతే? పిల్ల మళ్ళీ మూగదైపోతే? మోక్షిత స్కూల్లో ఉన్న పూట తిరుమలయ్య చేత ఒక రెక్క ఈకలు కత్తిరించేసింది. సాయంత్రం చూసుకొని పిల్ల వలవల ఏడ్చింది. "నేనుండగా అది యాడికి పోతాది అవ్వా? ఎందుకు కోసినావు?" ఏడాది తిరిగేసరికి ఈకలైతే మళ్ళీ వచ్చాయి. ఎగరడమే రాలేదు. గూటి నుంచి దండెం మీదికి, దండెం మీద నుంచి మోక్షిత భుజం మీదికి. మిట్టాయి లోకం అంతే!

అల్లుడు బండెక్కిన ఆ సాయంత్రమే చెంగమ్మ మోకాళ్ళ నొప్పి కూడా మరిచి కొండ మెట్లు ఎక్కింది. లోకులు తలనీలాలు ఇస్తారు, కావడి మోస్తారు, కోడిపుంజును తెచ్చి కొండ మీద వదిలిపెడతారు. ఇష్టమైనది ఇస్తేనే మొక్కు అని ఆమె నమ్మకం. ఆమెకేముంది ఇవ్వడానికి? "మురుగా! పిల్లను నా దగ్గరుంచు స్వామీ! ఆడికృత్తిక పండక్కి మిట్టాయిని నీ కొండ మీద వదిలిపెడతాను..." ఆలోచించేలోపలే నోరు జారింది. సగం మెట్లు దిగాక గానీ తట్టలేదు, ఆ చిలక తనది కాదని. దానిమీద ప్రాణం పెట్టుకున్నది మోక్షిత అని!

మే ఆఖరున శరత్‌కుమార్ ఫోన్ చేశాడు. "అత్తా, భార్గవికి నెల తప్పినాది. మంచం దిగగూడదని డాక్టరమ్మ చెప్పినాది. పాప ఈ ఏడు నీ దగ్గరే ఉండనీ."

సంతోషించాల్సిన చెంగమ్మ దండెం మీది చిలక వైపు చూసింది. స్వామి తన మాట నిలుపుకున్నాడు...!

చెబుదామని ఎన్నిసార్లు అనుకుందో. మిట్టాయికి జామకాయ కోసిపెడుతున్న పిల్ల ముఖం చూస్తే ఇంకో కాయ తెచ్చి చేతికిచ్చేది. జులైలో ఆడి నెల వచ్చింది. కృత్తికకు నాలుగు రోజుల ముందు మోక్షితకు జ్వరం తగిలింది. ఒళ్ళు కాలిపోతుంటే తడిగుడ్డ మీద తడిగుడ్డ వేసింది చెంగమ్మ. 'గుర్తుచేస్తా ఉండాడు... ఇయ్యకపోతే దీన్ని కూడా తీసుకుంటాడు, దీని తల్లిని తీసుకున్నట్టే!' ఇంకేం ఆలోచించలేదు ఆ పిచ్చితల్లి.

కృత్తిక పొద్దున, జ్వరం తగ్గి మోక్షిత ఆదమరిచి నిద్రపోతుంటే, గూటి మీద తువ్వాలు కప్పి బయలుదేరింది. మెట్ల నిండా పూలకావళ్ళు, డప్పులు, "అరోహరా" కేకలు! గుడి వెనక గోడ దగ్గర గూడు తలుపు తీసింది. మిట్టాయి బయటికి రాలేదు. చెయ్యి పెడితే మణికట్టు ఎక్కి, భుజం ఎక్కి, చెవి దగ్గర ముక్కు రాసింది.

"పో మిట్టాయీ... పో!"

ఇంట్లో "పోతా" అన్న మాట వినలేని మనిషి, ఆ మాటే పదిసార్లు అరిచింది! చిలక తల పక్కకు వాల్చి చూసింది. "తిన్నావా?" అంది.

చెంగమ్మ రెండు చేతులతో దాన్ని పట్టి గాల్లోకి విసిరేసింది. అది తడబడి గోడ మీద వాలింది. డప్పులు ఒక్కసారిగా మోగేసరికి బెదిరి, ఎలా ఎగిరిందో ఏమో, ఎదురుగా ఉన్న వేపచెట్టు చేరింది. అక్కడున్న అడవిచిలకలు మీదపడి పొడిచాయి. అంతకుమించి చూడలేక ఖాళీ గూడుతో మెట్లు దిగింది.

వాకిట్లో మోక్షిత నిలబడి ఉంది.

"మిట్టాయి యాడ అవ్వా?"

"స్వామికి ఇచ్చేసినా తల్లీ... నువ్వు నా దగ్గరే ఉండాలని మొక్కుకున్నా..."

"నన్ను అడిగినావా?"

చెంగమ్మ ఖాళీ గూడును కొంగు చాటుకు జరుపుకుంది.

"దానికి కోసిపెడితేనే గదవ్వా తినేది! చెట్టు మీద కాయ చూసినా తెలియదు, పిల్లిని చూసినా తెలియదు! మనుషులంటే భయం లేదు దానికి. ఎవరైనా సరే, భుజం మీదికి పోయి తిన్నావా అంటాది... వాళ్ళేం చేస్తారో..."

మూడు రోజులు ఇద్దరూ కొండంతా తిరిగారు. మోక్షిత పిలిచి పిలిచి గొంతు పోగొట్టుకుంది. నాలుగో రోజు తనే ఫోన్ తీసుకొని, "అప్పా, వచ్చి నన్ను తీసుకోని పో" అంది.

"నా మీద కోపం తీర్చుకో తల్లీ. కొట్టు, తిట్టు! ఇల్లు విడిచి మాత్రం..." చెంగమ్మ ఆ పిల్ల కాళ్ళ దగ్గర కూలబడింది.

"కోపం లేదవ్వా" అంది మోక్షిత, మెల్లగా చేతులు విడిపించుకుంటూ. "భయంగా ఉండాది. నన్ను ఉంచుకోడానికి ఈసారి ఏమిచ్చేస్తావో అని..."

భార్గవి మంచంలో ఉన్నా పాప మాట కాదనలేక వచ్చిన శరత్‌కుమార్, ఏమీ అర్థంకాక బ్యాగు మోసుకొని ముందు నడిచాడు. గడప దిగి మోక్షిత ఒక్కసారి వెనక్కి తిరిగింది.

"పోతానవ్వా."

'పోయొస్తా అను తల్లీ' అనబోయింది చెంగమ్మ. అప్పటికే పిల్ల తండ్రి వెనకే మలుపు తిరిగింది.

ఆ తర్వాత శుక్రవారం శుక్రవారం సాయంత్రం ఫోన్ వచ్చేది. ఎలా ఉన్నావని అడగదు, చదువు సంగతి చెప్పదు. ఒకే మాట. "మిట్టాయి కనిపించినాదా?" లేదంటే "సరే" అని పెట్టేసేది. ఆ ఒక్క మాటకు జవాబు తేవడానికి ప్రతి శుక్రవారం పొద్దున్నే చెంగమ్మ జామకాయ ముక్కలు కొంగున కట్టుకొని మెట్లు ఎక్కేది. వేపచెట్టు కింద నిలబడి పిలిచేది. వారం మొత్తంలో ఆమె బతికేది ఆ ఒక్క రోజే!

ఐప్పసి నెల తుపాను వానల్లో ఒక శుక్రవారం, గోడవారన తడిసిన ఆకుల మధ్య ఏదో పచ్చగా కనిపించింది. వంగి ఆకులు తొలగించింది. గుప్పెడంత కూడా లేదు... బక్కచిక్కి బిగుసుకుపోయింది. కాలివేలు వంకర.

చెంగమ్మ ఏడవలేదు. కొంగులోని జామకాయ ముక్కలు కింద పెట్టి, ఆ కొంగులోనే దాన్ని చుట్టుకొని, పసిబిడ్డను దించినట్టు మెట్టు మెట్టుకూ ఆగుతూ దిగింది. పెరట్లో మల్లెపొద మొదట్లో చేతులతోనే మన్ను తవ్వి పడుకోబెట్టింది. "తిన్నావా..." అని మాత్రం అడిగింది ఒకసారి.

గోళ్ళలో మట్టి ఇంకా తడిగానే ఉంది. ఫోన్ మోగింది.

"అవ్వా, మిట్టాయి కనిపించినాదా?"

నిజం చెప్పేస్తే...? ఆ పిల్ల అడగడానికి ఇంకేమీ మిగలదు. వచ్చే శుక్రవారం ఈ ఫోన్ మోగదు. చెంగమ్మ మల్లెపొద వైపు చూసింది. కళ్ళు తుడుచుకుంది.

"ఇంకా కనపడలేదు తల్లీ..."

ఈసారి పిల్ల "సరే" అని పెట్టెయ్యలేదు.

"అవ్వా... నువ్వు గట్టిగా పిలుస్తా ఉండావేమో. గట్టిగా పిలిస్తే అది భయపడతాది. మెల్లగా పిలు. వస్తాది."

"అట్లనే తల్లీ" అంది చెంగమ్మ, మట్టిచేతులు ఒళ్ళో దాచుకుంటూ. "వచ్చే శుక్రవారం... మెల్లగానే పిలుస్తా."