అత్తగారి ముక్కు

గురువారం పొద్దున్న ఎనిమిదిన్నరకి ఉన్సిల్ గిన్నెలు తోముతూ ఉండగా హాల్లో గోడకున్న స్పీకరు గరగరమంది.

"అపార్ట్‌మెంటు వాసులకు ఆఫీసు మనవి. రెండో బ్లాకులో ఏడో అంతస్తు పరిసరాల్లో దుర్వాసన వస్తోందని ఫిర్యాదులు అందాయి. దయచేసి ఎవరి వంటిల్లు వారు ఒకసారి చూసుకోవలసిందిగా..."

ఏ ఇంటి నంబరూ చెప్పలేదు. అయినా గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఉన్సిల్ తడి చేతులతోనే పరిగెత్తి కిటికీలన్నీ మూసేసింది. మూసేసరికి వాసన ఇంట్లో చిక్కబడింది. భరించలేక మళ్ళీ తెరిచింది.

హాల్లో నేలమీద కూర్చుని అత్తగారు బొక్నిమ్ వెల్లుల్లి ఒలుస్తోంది. డెబ్బైమూడేళ్ళ మనిషి. పొద్దున్నే తలారా స్నానం చేసి, జుట్టు బిగించి దువ్వుకుని ఉంది. కొరియా దక్షిణ తీరాన మోక్పో చేపల బజారులో నలభై ఏళ్ళు హొంగొ అమ్మిన చెయ్యి అది. టేకు చేపను ముక్కలు కోసి, గడ్డి పరిచి, జాడీలో పులియబెడితే హొంగొ అవుతుంది. ఘాటుకి కళ్ళమ్మట నీళ్ళు కారతాయి. అది పెట్టని పెళ్ళి ఈ వైపు జనానికి పెళ్ళే కాదు. జాడీ మూత ఎత్తి ఒక్కసారి వాసన చూసి "ఇది ఆరో రోజు, ఇది తొమ్మిదో రోజు" అని చెప్పేదట బొక్నిమ్. బజారంతా ఆమెను "ముక్కమ్మ" అనే పిలిచేది. ఈ వసంతంలో మోకాళ్ళ నొప్పులని చెప్పి కొట్టు మూసేసి కొడుకు దగ్గరికి వచ్చింది.

"అత్తయ్యా, విన్నారా? మైకులో మన గురించే చెప్తున్నారు."

"మన పేరు చెప్పాడా?"

"పేరొక్కటే చెప్పలేదు."

"మోక్పోలో ఉంటూ హొంగొ వాసనకి ఫిర్యాదు చేసే మొనగాడెవడే? సియోల్ నుంచి నిన్నే దిగుంటాడు."

"హొంగొ వాసన నాకు తెలీదా? పదకొండేళ్ళైంది మీ ఇంటికొచ్చి. ఇది వేరు. మూడ్రోజుల్నించి వంటింట్లో ఏదో చచ్చి కుళ్ళినట్టుంది. మీకు రావట్లేదా?"

బొక్నిమ్ చేతిలో వెల్లుల్లి రెబ్బ ఒక్క క్షణం ఆగింది. "ఏ వాసనా లేదు," అంది తల ఎత్తకుండా. "నీకే ముక్కు మరీ ఎక్కువ పనిచేస్తోంది."

ఉన్సిల్ మళ్ళీ వంటింట్లోకి వెళ్ళింది. ఎల్లుండి ఆడపడుచు మీసన్ పెళ్ళి. ముప్పైఆరేళ్ళకి కుదిరిన సంబంధం. పెళ్ళికొడుకు వాళ్ళది తూర్పు వైపు తేగు ఊరు. అక్కడివాళ్ళు హొంగొ పేరు వింటేనే ముక్కు మూసుకుంటారు. సంబంధం ఖాయమైన రోజున వియ్యపురాలు నవ్వుతూ ఏదో అనబోతే, బొక్నిమ్ భోజనాల బల్ల మీద చెయ్యి చరిచి, "నా చేతి హొంగొ తిన్నాక మాట్లాడండి వదినగారూ," అనేసింది. ఆ మాట నిలబెట్టుకోవడానికే పది రోజులుగా వెనక బాల్కనీలో జాడీ కూర్చుని ఉంది. ఆవిడకి ఆ జాడీయే ప్రాణం. దాని ముందు చెడ్డ మాట మాట్లాడినా ఊరుకోదు.

పెళ్ళి పనులకని ఉన్సిల్ వారం సెలవు పెట్టింది. ఆ సెలవంతా ఈ వాసన వెనకే పోతోంది. నిన్న ఫ్రిజ్‌లోవన్నీ తీసి బల్ల మీద పెట్టి, మిగిలిపోయిన సోజు సారా గుడ్డ మీద పోసి అరలన్నీ తుడిచింది. కింద కాఫీ కొట్టువాణ్ణడిగి వాడేసిన కాఫీ పొడి తెచ్చి గిన్నెల్లో పెట్టింది. పక్కనే క్యాబేజీ ఊరగాయకని విడిగా ఉన్న కిమ్చి ఫ్రిజ్ పై అరలు కూడా తుడిచింది. దాని కింది సొరుగు ఎలాగూ ఖాళీ. పోయిన నెల పాత కిమ్చి అయిపోగానే తనే కడిగి, ఆరబెట్టి మూసింది. వచ్చే వారం కొత్త కిమ్చి పెట్టేదాకా దానితో పనిలేదు. ఇంత చేసినా తెల్లారేసరికి వాసన ఉన్నచోటే ఉంది.

ఇవాళ బాణలిలో పచ్చి తేయాకు వేయించింది. పొగ ఇల్లంతా కమ్ముకుంటే వాసన పోతుందని ఎవరో చెప్పారు. పొగకి బొక్నిమ్ దగ్గుతూ వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"పొమ్మనలేక పొగ పెడుతున్నావా అమ్మాయ్?"

"అయ్యో, అదేం మాట అత్తయ్యా! వాసన పోవాలని..."

"లేని వాసన ఎలా పోతుంది?" అని విసురుగా వెళ్ళి స్నానాల గదిలో దూరింది. మళ్ళీ నీళ్ళ చప్పుడు. పొద్దున్నించి అది రెండో స్నానం. సాయంత్రం ఇంకోటి ఉంటుంది. వచ్చిన దగ్గర్నించీ ఇదే వరస. ఉతికిన జాకెట్టే మళ్ళీ ఉతకడం, దుప్పటి రోజూ ఎండలో వేయడం. ఈ ఇంటి మురికి అంటుకుంటుందని ఆవిడ భయం కాబోలనుకుని ఉన్సిల్ లోలోపల ఎన్నిసార్లు నొచ్చుకుందో. పైగా ఆవిడ వండే పులుసులు ఈ మధ్య ఉప్పు కషాయాలు. భర్త తేసిక్ మాత్రం, "అమ్మ చేతి వంట," అంటూ చెంబుడు నీళ్ళు తాగి షిప్‌యార్డుకి వెళ్ళిపోతాడు. అనేదీ పడేదీ ఉన్సిలే.

మిగిలింది ఒక్కటే, బాల్కనీలో జాడీ. ఉన్సిల్ ఆ తలుపు తీసి నిలబడింది. జాడీ మూత చుట్టూ గుడ్డ బిగించి ఉంది. అది కుళ్ళి ఉంటే? ఎల్లుండి తేగు వియ్యాలవారు రెండేసి ముక్కలు నోట్లో వేసుకుని కడుపులు పట్టుకుంటే? మీసన్ ముఖం ఏం కావాలి? ఉన్సిల్ ఇక ఆగలేదు. వంగి జాడీని రెండు చేతులా పట్టుకుని గుమ్మం వైపు లాగడం మొదలుపెట్టింది. కనీసం మెట్ల దగ్గర పెట్టినా ఇంట్లో వాసన దీనిదో కాదో తేలిపోతుంది.

"వదులు దాన్ని!"

తడి జుట్టు, భుజాన తువాలు. బొక్నిమ్ అంత గట్టిగా అరవగా ఉన్సిల్ ఎప్పుడూ వినలేదు.

"పారేస్తున్నావా? నా కూతురి పెళ్ళి విందు చెత్తలో పోస్తున్నావా?"

"పారెయ్యట్లేదు అత్తయ్యా, బయట పెట్టి చూద్దామని. ఇల్లంతా కడిగాను. ఇంకేం మిగల్లేదు. ఇదే చెడిపోయి ఉండాలి. ఈసారి రోజులు ఎక్కువయ్యాయేమో..."

"నాకు రోజులు లెక్కపెట్టడం నేర్పుతావా? కొండల్లోంచి వచ్చిన పిల్లవి, చేప కంటికీ తోకకీ తేడా తెలీకుండా వచ్చావు!"

"తెలీదు. ఒప్పుకుంటాను. కానీ ముక్కుంది కదా నాకు! మూడ్రోజుల్నించి చెప్తున్నా. వాసన లేదు, లేదు అంటారు. ఊరంతటికీ వచ్చే వాసన మీ ఒక్కరికే ఎలా రాదు? మీది తప్పవుతుందని కాకపోతే!"

అన్నాక నాలుక కరుచుకుంది. బొక్నిమ్ ముఖం ఎర్రబడి, తర్వాత తెల్లబడింది.

"నా చేత్తో చేసింది ఏనాడూ కుళ్ళలేదు," అంది మెల్లగా. "రా. చూపిస్తా. మీసన్‌కిష్టమని ఆదివారం సముద్రపు గుల్లలు ఉడకబెట్టి, కారం కలిపి పెట్టాను. రేపు వస్తుందిగా. నా చెయ్యెలాంటిదో అవి చూసి చెప్పు."

విసవిసా వెళ్ళి కిమ్చి ఫ్రిజ్ కింది సొరుగు లాగింది.

"అత్తయ్యా, ఆ సొరుగు..."

ఉన్సిల్ మాట పూర్తికాలేదు. బొక్నిమ్ డబ్బా మూత తీసింది. గది ఒక్కసారిగా వాసనతో నిండిపోయింది. ఉన్సిల్ ముక్కు మూసుకుని గోడకి ఆనుకుంది. గుల్లల మీద నురగ తేలుతోంది. బొక్నిమ్ మాత్రం నిబ్బరంగా నిలబడి, "చూడు, ఎంత తాజాగా ఉన్నాయో," అంటూ రెండు వేళ్ళతో ఒక గుల్ల తీసి నోటి దాకా తీసుకెళ్ళింది.

ఉన్సిల్ ఒక్క ఉదుటున వెళ్ళి ఆ చెయ్యి కొట్టింది. గుల్ల ఎగిరి గోడకి తగిలి కిందపడింది.

అత్తగారి చెయ్యి మీద కొట్టింది తను. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి తెలిసినట్టుంది.

"అత్తయ్యా... మీకు నిజంగానే రావట్లేదా?"

బొక్నిమ్ డబ్బాలోకి చూసింది. నురగ ఇప్పుడు కనిపించింది. వేళ్ళకి సొరుగు చల్లగా తగల్లేదనీ ఇప్పుడే తోచింది. ఆవిడ అక్కడే నేలమీద కూలబడి, తడి జుట్టు ముఖం మీదకి లాక్కుంది.

"పోయిన చలికాలం జ్వరం వచ్చింది చూడు," అంది ఆ జుట్టు చాటునుంచే. "అది తగ్గింది కానీ వాసన తిరిగి రాలేదే. రేపొస్తుంది, మాపొస్తుందని చూశాను. కొట్లో ఒకరోజు జాడీ మూత తీస్తే కళ్ళు మండాయి గానీ ఏ రోజుదో తెలీలేదు. పక్క కొట్టావిడ నన్నే చూస్తోంది. మోకాళ్ళ నొప్పని చెప్పి ఆ వారమే మూసేశాను. ముక్కు లేని ముక్కమ్మ దగ్గర ఎవరు కొంటారు?"

ఉన్సిల్ పక్కనే కూర్చుంది. ఉప్పు కషాయాలు గుర్తొచ్చాయి. వాసన తెలియని నాలుకకి రుచి ఎక్కడినుంచి వస్తుంది? ఈవిడ ఇన్ని నెలలూ గుప్పెళ్ళతో వేసుకున్నది ఉప్పు మాత్రమేనా, భయం కూడానా అనిపించింది.

"తప్పు మీది కాదు," అంది. "ఆ సొరుగుకి విడిగా ఉన్న కరెంటు మీట నేనే ఆపేశాను. కిమ్చి అయిపోయింది కదా అని. మీకు చెప్పాలని తోచలేదు. మీ గుల్లల్ని కుళ్ళబెట్టింది నేనే, అత్తయ్యా."

బొక్నిమ్ తలెత్తి కోడలిని చూసింది. కోపం వస్తుందేమోనని ఉన్సిల్ ఎదురుచూసింది. రాలేదు.

"మరి జాడీ?" అంది బొక్నిమ్ చిన్న గొంతుతో. "అదెలా ఉందో నాకు తెలీదే. రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నానంతే. మంచిదైనా మండుతుంది, చెడిపోయినా మండుతుంది. మంట ఒక్కటే తెలుస్తోంది నాకు. రోజూ పొద్దున్నే లేచి ఆ మూత మీద చెయ్యేసి దేవుళ్ళకి మొక్కుకుంటున్నాను."

"నేను చూస్తాను."

"నువ్వా? హొంగొ పళ్ళెం వస్తే బల్ల మారిపోతావు నువ్వు."

"ఎలా చూడాలో చెప్పండి."

బొక్నిమ్ కళ్ళు తుడుచుకుంది. పాత బజారు గొంతు కొంచెం తిరిగొచ్చింది. "ఇందాక గుల్లలు ఎలా అనిపించాయి?"

"తియ్యగా. అసహ్యంగా తియ్యగా. ఇంకా గొంతులో జిగురులా పట్టుకునే ఉంది."

"అదీ కుళ్ళంటే. తియ్యగా వచ్చి కూర్చుంటుంది, పోదు. హొంగొ పొడుస్తుంది, పొడిచి వెళ్ళిపోతుంది. వెళ్ళాక ఏం మిగిలిందో చూసి చెప్పు. దడుచుకుని ముక్కు మూసుకున్నావంటే మాత్రం చంపేస్తాను."

ఇద్దరూ కలిసి జాడీని మళ్ళీ గోడవారకి జరిపారు. ఉన్సిల్ గుడ్డ విప్పి, మూత ఎత్తి, గడ్డి తొలగించి ముఖం లోపలికి వంచింది. ముక్కులోంచి నడినెత్తిదాకా సూదులు దిగినట్టయింది. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారాయి. పారిపోవాలని కాళ్ళు తొందరపెట్టాయి. జాడీ అంచు గట్టిగా పట్టుకుని నిలబడింది.

"చెప్పు."

"ఉండండి."

"వెళ్ళిందా?"

"వెళ్తోంది... వెళ్ళింది." ఉన్సిల్ ఇంకోసారి పీల్చింది. "ఏమీ లేదు అత్తయ్యా. చల్లగా ఉంది. మా ఊళ్ళో మంచు పడ్డ మర్నాడు పొద్దున్న తలుపు తీస్తే ఎలా ఉంటుందో అలా ఉంది."

"అడుగు ముక్క తియ్యి. తడి దిగేది అక్కడే."

అడుగుదాకా చెయ్యి పెట్టి ఒక ముక్క తీసింది. మళ్ళీ సూదులు, మళ్ళీ ధార, మళ్ళీ అదే చలి. పదకొండేళ్ళలో ఎన్నడూ ముట్టనిది, ఆ ముక్క చివర కొరికి నోట్లో వేసుకుని నమిలింది కూడా.

"బాగుంది," అంది ముక్కు ఎగబీలుస్తూ. "చచ్చిపోయేలా ఉంది. కానీ బాగుంది."

బొక్నిమ్ రెండు చేతుల్లో ముఖం దాచుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. ఉన్సిల్ ఎత్తగానే తేసిక్ ముఖం తెరమీదకొచ్చింది. ఇద్దరి కళ్ళూ ముక్కులూ చూసి హడలిపోయాడు.

"ఏమైంది? పెళ్ళి ఆగిపోయిందా? ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదురా, చేప బాగుంది," అని తల్లి ఫోను పెట్టేసింది.

కుళ్ళిన గుల్లల్ని రెండు సంచుల్లో కట్టి ఉన్సిల్ కిందకి తీసుకెళ్ళి పారేసి వచ్చింది. వచ్చేసరికి బొక్నిమ్ సొరుగు పూర్తిగా బయటికి లాగి, చీర చెంగు దోపినంత వాటంగా తువాలు నడుముకి బిగించి కూర్చుంది. బియ్యం కడిగిన నీళ్ళతో మొదటి కడుగు, సోజుతో రెండోది, రబ్బరు అంచుల్లో పుల్లకి గుడ్డ చుట్టి మూడోది. తర్వాత కమలాపండ్ల తొక్కలు రుద్దింది. చేతులకి అన్నీ గుర్తే. ముక్కు మాత్రం కోడలిది.

"పోయిందా?"

"మూలల్లో ఉంది."

ఇంకోసారి రుద్దింది. "ఇప్పుడు?"

"ఇంకొంచెం. ఎడమ వైపు."

"ఇప్పుడో?"

ఉన్సిల్ సొరుగులో తలపెట్టి చూసింది. "పోయింది. కమలాపండు వాసనే ఉంది."

బొక్నిమ్ గుడ్డ పిండింది. పిండిన గుడ్డనే మళ్ళీ పిండింది. తర్వాత సొరుగు వైపే చూస్తూ, ఎవరి గురించో అడిగినట్టు అడిగింది.

"మరి నా దగ్గర?"

ఉన్సిల్‌కి అర్థం కాలేదు.

"ముసలివాళ్ళ దగ్గర ఒక వాసనుంటుంది కదా. ఇదివరకు నాకు తెలిసేది. ఇప్పుడు తెలీదు. కొడుకింట్లో ఉంటున్నాను. కోడలు మంచిది, వాసనొచ్చినా నోరు విప్పి చెప్పదు. నాకు నేనుగా ఎలా తెలుసుకోను? అందుకే నీళ్ళు పోసుకుంటున్నాను. ఎన్నిసార్లు పోసుకున్నా పోయిందో లేదో తెలీదే అమ్మాయ్. నిజం చెప్పు. వస్తోందా?"

ఇంటి మురికి అంటుకుంటుందని భయపడుతోందనుకుంది తను. ఆవిడ భయపడింది తన వాసన ఈ ఇంటికి అంటుకుంటుందని. ఉన్సిల్ మోకాళ్ళ మీద జరిగి దగ్గరికి వచ్చింది. అత్తగారి తడి జుట్టు పక్కకి తీసి, మెడ వంపులో ముక్కు ఆనించి, నిండా పీల్చింది. తొందరపడలేదు. జాడీ దగ్గర ఆగినట్టే ఆగి, చూసి చెప్పింది.

"సబ్బు. వెల్లుల్లి. ఎండలో ఆరిన బట్ట. అంతే."

"ఒట్టు?"

"ఒట్టు అత్తయ్యా. వస్తే చెప్తాను. మొహమాటపడను."

"రోజూ చెప్తావా?"

"రోజూ చెప్తాను. సాయంత్రం మాత్రం మళ్ళీ స్నానం చెయ్యకండి. జలుబు చేస్తుంది."

బొక్నిమ్ సరేనని తలూపింది. ఇద్దరూ చెరోవైపు పట్టి సొరుగు లోపలికి తోశారు. ఉన్సిల్ కరెంటు మీట వేసింది. ఫ్రిజ్ సన్నగా గుర్రుమంది.

"ఇది చల్లబడేలోపు బజారుకెళ్ళొద్దాం లే," అంది బొక్నిమ్ మోకాళ్ళు పట్టుకుని లేస్తూ. "మీసన్‌కి మళ్ళీ గుల్లలు కొనాలి. తాజావో కావో నువ్వు చూద్దువుగాని."