అర్జెంటు పంపు

నాలుగోసారి కూడా కాకినాడ మునిగిపోయింది.

టేబుల్ మీదే లెండి. గాజుపలకపై కదులుతున్న బొమ్మ ఫ్యాక్టరీలో సగం పంపులు తయారవకముందే తుఫాన్ల కాలం వచ్చేసింది. డాక్టర్ నఫీసా బొమ్మను చెరిపేసింది.

అది 2051. సముద్రం కాకినాడ వీధుల్లోకి వచ్చేస్తోంది. ఆ నీటిని తోడిపోసే భారీ పంపులు సామర్లకోటలో అనంతరామిరెడ్డి ఫ్యాక్టరీలో తయారవుతున్నాయి. తుఫాన్లలోపు అందకపోతే ఊరు ఖాళీ చేయాల్సిందే.

నఫీసా కనిపెట్టిన సాఫ్ట్‌వేర్ పేరు 'జోడీ'. ఏ ఫ్యాక్టరీకైనా కంప్యూటర్లో అచ్చం అలాంటిదే ఇంకొకటి కట్టి చూపిస్తుంది. ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు, మామూలు తెలుగులో చెబితే చాలు. మెషిన్ల రికార్డులు తనే చదువుకుని, నెలల ప్రొడక్షన్‌ను నిమిషంలో నడిపేసి, పని ఎక్కడ పేరుకుపోతుందో ఎర్రగా చూపిస్తుంది.

"ఇంకో లేత్ మెషిన్ కొంటే?" అన్నాడు రెడ్డి.

"కొన్నట్టు నడిపి చూశాం సార్. ఎరుపు పక్క మెషిన్ మీదకి జరిగింది, అంతే. అసలు నాకు అర్థం కానిది వేరే ఉంది. ఒక పంపు సగంలో ఉండగా దింపేసి, సెట్టింగ్ మార్చి ఇంకోటి ఎక్కిస్తున్నారు. రోజూ ఇదే. ఎందుకు?" అంది నఫీసా.

సూపర్‌వైజర్ మంగతాయారు తల దించుకుంది.

"చెప్పమ్మా, ఫర్వాలేదు," అన్నాడు రెడ్డి.

"మీరు రౌండుకొచ్చినప్పుడండీ... పొద్దున ఒక పంపు అర్జెంటంటారు. సాయంత్రం ఇంకోటి అర్జెంటంటారు. కాదనలేక ఎక్కిస్తాం."

రెడ్డి మొహం కందిపోయింది. ఒక్క రేకుల షెడ్డుతో మొదలుపెట్టి ఇంత చేసిన మనిషి. గాజుపలక వైపు తిరిగాడు.

"డాక్టరమ్మా, నా రౌండు తీసేసి నడపండి."

ఈసారి ఎరుపు కనిపించలేదు. ఆఖరి పంపు తుఫాన్లకు ముందే గేటు దాటింది.

"మళ్ళీ నడపండి."

మళ్ళీ దాటింది.

రెడ్డి లేచి తిన్నగా గేటు దగ్గరికి వెళ్ళాడు. "పంపులన్నీ వెళ్ళేదాకా నన్ను లోపలికి రానివ్వకు," అన్నాడు వాచ్‌మన్‌తో. "అరిచినా, తిట్టినా సరే."

అరిచాడు కూడా. ఒకరోజు లోపల ఏదో బేరింగ్ కీచుమంటుంటే రోడ్డు మీద నుంచే గుర్తుపట్టి పరుగెత్తుకొచ్చాడు. వాచ్‌మన్ భయపడుతూనే గేటుకు అడ్డంగా నిలబడ్డాడు. రెడ్డి వెనక్కి తిరిగి, ఎదురుగా ఉన్న టీకొట్లో కూర్చున్నాడు. టీ చల్లారిపోయింది. కీచుమనడం దానంతటదే ఆగింది. ఎవరో సరిచేశారు. హమ్మయ్య అనుకున్నాడు, ఎందుకో మనసు చివుక్కుమంది కూడా. అయినా మర్నాడు గేటు వైపు అడుగు వేయలేదు.

లారీలు ఒకదాని వెనక ఒకటి కదిలాయి. తుఫాను విరుచుకుపడినప్పుడు పంపులు హోరెత్తాయి. కాకినాడలో వీధులు తడిశాయి గానీ ఒక్క ఇంట్లోకీ సముద్రం రాలేదు.

ఆ వారం రెడ్డిని పూలదండతో లోపలికి తీసుకెళ్ళారు. అప్పటికే మచిలీపట్నం ఆర్డరు నడుస్తోంది. ఆయన మెషిన్ల మధ్య నిలబడి, ఆ నూనె వాసనను గుండెల నిండా పీల్చుకున్నాడు.

"ఇక రేపట్నుంచి రావచ్చుగా?"

జోడీని ఇప్పుడు మంగతాయారే నడుపుతోంది. ఆయన అడిగినదే దాన్నీ అడిగి, గాజుపలక వైపు చూసింది. తర్వాత ఆయన వైపు చూడలేక చూసింది.

"ఆదివారం రండి రెడ్డిగారూ," అంది మెల్లగా. "ఆవేళ మెషిన్లు ఆపేస్తామండీ."