అద్దం చూపని కళ్ళు

ఆ కంప్యూటర్ ఆటలోని మనుషులను మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్ళు మండింది. ఊరంతా ఒకటే ముఖం. వంకాయ లాంటి ముక్కు, దాని పైన కళ్ళ పేరుతో రెండు మచ్చలు. కమ్మరికీ అదే, రైతుకీ అదే.

"ఎవడమ్మా వీళ్ళను చెక్కినోడు? ఒకే అచ్చులో పోసినట్టుండారే!" అన్నాను.

"ఆట నాయనా అది. విగ్రహాల పోటీ కాదు" అని నవ్వింది సంధ్య.

సంధ్య నా కూతురు. నంద్యాలలో ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. నా పేరు ఓబులాచారి. ఆళ్లగడ్డలో రాతి శిల్పిని. మీసం రాకముందే ఉలి పట్టాను. దుమ్ముకు ముక్కుగుడ్డలు ఇమ్మని అడిగితే నవ్విన మేస్త్రీలతో కొట్లాడాను, కూలి ఎగ్గొట్టిన వాళ్ళ వాకిట్లో కూర్చున్నాను, ఎవడికీ తల వంచలేదు. చివరికి నన్ను వంచింది ఆ రాతి దుమ్మే. ఊపిరితిత్తుల్లో పేరుకుంది. ఆ తర్వాత చేతులు వణకడం మొదలైంది. వణికే చేతికి ఉలి ఇచ్చేవాడు ఎవడు?

నా భార్య రామేశ్వరమ్మకు కంటి ఆపరేషన్ కోసం నంద్యాల వచ్చాం. కూతురింట్లో ఊరికే కూర్చోలేక నేను ప్రతిదానికీ కసురుకుంటుంటే, సంధ్య తన పాత లాప్‌టాప్‌లో ఈ ఆట పెట్టి ఇచ్చింది. చదరపు గడ్డలు పేర్చి ఇళ్ళు కట్టే ఆట. అందులో చెట్టూ సూర్యుడూ అన్నీ పలకలే. రాయి తవ్వుకోవచ్చు, గోడ లేపుకోవచ్చు. అన్నిటికంటే గొప్ప సంగతి, మౌసు మీద చేయి ఎంత వణికినా గడ్డ దాని చోట్లో అది సరిగ్గా కూర్చుంటుంది. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది, చెప్పడానికి సిగ్గులేదు.

మా ఆళ్లగడ్డ వీధి మొత్తం కట్టాను. రోడ్డు పక్కన రేకుల కొట్టాలు, వాటి ముందు సగం చెక్కిన బొమ్మలు, సుబ్బయ్య టీ అంగడి. ఇక మార్చాల్సింది మనుషులనే. నా వీధిలో ఆ వంకాయ ముక్కులను ఉంచడం నా వల్ల కాలేదు.

సంధ్య వెతికి వెతికి ఒక మాడ్ పట్టుకొచ్చింది. మాడ్ అంటే ఆట మీద ఎవరో తయారుచేసి వేసే మార్పు. ఇది ఊళ్ళను, ఊళ్ళోని మనుషులను పూర్తిగా మార్చేస్తుందట. ముఖాలు మనమే చుక్క చుక్కగా చెక్కుకోవచ్చట. దాన్ని ఫోల్డర్‌లో వేసి ఆట తెరిస్తే ఎర్ర అక్షరాలు వచ్చి ఆగిపోయింది. ఆట ఒక వెర్షన్, మాడ్ ఇంకో వెర్షన్ అంది సంధ్య. సరైనది మళ్ళీ దించింది. వేసే ముందు నా వైపు తిరిగింది.

"నాయనా, ముందు నీ ఊరిని ఒక కాపీ తీసి పక్కన పెడతా. ఒకసారి వేసినాక మాడ్ తీసేస్తే, దాంతో వచ్చిన మనుషులంతా పోతారు. మళ్ళా రారు."

"కాపీ ఏందమ్మా? రాయి చెక్కేటప్పుడు కాపీ పెట్టుకుంటామా? వేసెయ్" అన్నాను.

ఆ మాట అన్నది నేనే.

ఈసారి ఎర్ర అక్షరాలు రాలేదు. ఊరు నిండా మనుషులు లేచారు. ముఖాలు నున్నగా, ఖాళీగా ఉన్నాయి. చెక్కడానికి సిద్ధం చేసిన రాళ్ళలా ఉన్నాయి. మొదట సుబ్బయ్యను చెక్కాను. పోయి చాలా కాలమైంది పాపం. తర్వాత నాకు పని నేర్పిన మేనమామ. ఆయనా లేడు. ఇద్దరికీ కళ్ళు పెట్టాను.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. జనం ఫొటోలు తెచ్చి తమవాళ్ళ విగ్రహాలు చేయించుకుంటారు. పోయినవాళ్ళ విగ్రహమైతే కళ్ళు చివరన తెరుస్తాం. తెరిచేటప్పుడు శిల్పి ఎదురుగా నిలబడడు, పక్కకు ఉంటాడు. విగ్రహం ముందు అద్దం పెడతాం. మొదటి చూపు దాని మీదే దానికి పడాలి. బతికున్న మనిషి విగ్రహమైతే కళ్ళు అసలు తెరవం. రెప్ప వరకు చేసి వదిలేస్తాం. మనిషి పోయాక ఇంటివాళ్ళు కబురు పెడితే వెళ్ళి తెరిచి వస్తాం. ఎందుకని మా మేనమామను అడిగితే చెంప మీద కొట్టాడు. జవాబు మాత్రం చెప్పలేదు.

మధ్యాహ్నం రామేశ్వరమ్మ మంచం మీద పడుకుని ఉంది. ఒక కంటికి కట్టు. రెండో కన్ను ఎప్పటి నుంచో మసకే.

"ఏమయ్యో, నన్ను గూడా చేస్తాండావంట?"

"చేస్తాండా."

"ముక్కు సన్నగా పెట్టు. పెండ్లినాడు ఉన్నట్టు."

"పెండ్లినాడు నీ ముక్కు ఎవరు చూసినారే? తల ఎత్తితివా?"

ఆమె నవ్వింది. కాసేపటికి నవ్వు ఆపి, "కండ్లు మాత్రం తెరవొద్దు. నేనింకా ఉండా" అంది.

"ఇదేమన్నా రాయా? వట్టి లైటు చుక్కలు."

"అయినా వద్దు."

ఆమె నిద్రపోయింది. బయట ఎండ రోడ్డును కాలుస్తోంది. కుక్క అరుపు కూడా లేదు. ఫ్యాను ఒక్కటే కిర్రుమంటూ తిరుగుతోంది. నేను ముక్కు సన్నగా పెట్టాను. గడ్డం కింద చిన్న మచ్చ పెట్టాను. ముఖం అచ్చం కుదిరింది. చేతులు పాడయ్యాక అంత బాగా కుదిరిన పని అదే. కళ్ళు లేకుండా అలా వదిలేయడం... నా చేయి ఆగలేదు. గర్వం అనండి, పొగరు అనండి. ఆమె వద్దన్నది నాకు గుర్తుంది. మరిచిపోయి చేశానని అబద్ధం చెప్పను.

రెండు చుక్కలు పెట్టాను. ఎదురుగా కూర్చునే పెట్టాను. అద్దం లేదు.

ఆటలో మనుషులు ఎటో చూస్తూ తిరుగుతుంటారు. ఆమె తిరగలేదు. తల మెల్లగా పైకెత్తి, తెర లోపలి నుంచి నేరుగా నన్ను చూసింది. గదిలో ఒక వాసన వచ్చింది. నీళ్ళు చల్లి చెక్కేటప్పుడు లేచే తడి రాతి వాసన. లాప్‌టాప్ మూసేశాను.

మరుసటి రోజు డాక్టరు కట్టు విప్పాడు. లైటు వేసి చూశాడు. "కన్ను శుభ్రంగా ఉంది. ఏ లోపమూ లేదు" అన్నాడు.  ఆటోలో వస్తుంటే రామేశ్వరమ్మ నా చేయి పట్టుకుని మెల్లగా అడిగింది.

"ఏమయ్యో, చెట్లు ఎప్పుడు పలకలు పలకలుగా నరికినారు?"

"మత్తు ఇంగా దిగలేదేమో" అంది సంధ్య. నాకు మాత్రం తెర లోపలి నుంచి నన్ను చూసిన ఆ చూపు గుర్తొచ్చింది.

ఇంటికొచ్చి కూర్చోబెట్టాం. ఆమె కళ్ళు తెరిచే ఉన్నాయి. నేను ముఖం ముందు చేయి ఆడించినా రెప్ప కదల్లేదు. ఆమె చూపు మా మీద లేదు.

"మన వీధే ఇది. అన్నీ మూలలే. సూర్యుడు గూడా పలక మాదిరి ఉండాడు. సుబ్బయ్య నిలబడుకోని ఉండాడు... సచ్చిపోయినాడు గదా సుబ్బయ్య?"

లాప్‌టాప్ బల్ల మీద మూసి ఉంది. ముందురోజు నేను మూసినట్టే.

"అమ్మా... మొదట ఏం కనపడింది నీకు?" అంది సంధ్య.

"మీ నాయన ముఖం. ఆకాశమంత. కిటికీ అవతల నుంచి చూస్తాండాడు. పిలిస్తిని. పిలుస్తానే ఉంటిని. ఇనపడనట్టు మూసేసినాడు."

నేను తల దించుకున్నాను. జీవితంలో మొదటిసారి.

బయట ఎండ ఇంకా పేలుతోంది. ఆమె ఉలిక్కిపడింది.

"చీకటి పడతాంది."

సంధ్య, నేను ముఖాలు చూసుకున్నాం. ఆ ఆటలో రాత్రయితే దయ్యాల్లాంటివి కొన్ని బయటికొస్తాయి. దీపం లేనిచోటికి, తలుపు లేని ఇంటికి వస్తాయి. నేను ఆమె బొమ్మను నిలబెట్టింది నా కొట్టంలో. ఆళ్లగడ్డలో రాతి కొట్టాలకు తలుపులుండవు. రేకు, నాలుగు గుంజలు, అంతే. ఉన్నది ఉన్నట్టు కట్టాలని గోడ కూడా పెట్టలేదు.

"ఎవరో నడుస్తాండారు..."

లాప్‌టాప్ తెరిచాను. వెలగలేదు. బ్యాటరీ అయిపోయింది.

"మూలుగుతాండారయ్యా... దగ్గరికొస్తాండారు..."

సంధ్య వైరు తెచ్చి గుచ్చింది. తెర వెలిగింది. ఆట తెరుచుకోవడానికి ఎంతసేపు పట్టిందో నేను చెప్పలేను. ఆమె గోళ్ళు నా భుజంలో దిగుతున్నాయి. ఊపిరి ఆడడం లేదు, ఆమెకో నాకో తెలియడం లేదు.

"ఓబులయ్యా... నా కొంగు..."

కొట్టం కనిపించింది. ఆమె గుంజకు ఆనుకుని ఉంది. పక్కన చీకట్లో ఏదో. దాన్ని నేను సరిగ్గా చూడలేదు. చూడదలచుకోలేదు. గోడ పెట్టాను. ఇంకో గోడ. ఇంకోటి. చేయి వణుకుతోంది, గడ్డలు మాత్రం సరిగ్గా కూర్చుంటున్నాయి. తలుపు. లోపల దీపం.

ఆమె గోళ్ళు నా భుజాన్ని వదిలాయి.

"వెలుతురొచ్చింది" అంది ఆమె. ఆ తర్వాత ఏడ్చింది.

ఆమె కొంగు అంచు చిరిగి ఉంది. కొత్త చీర. ఆ పొద్దున సంధ్యే కట్టింది.

"మాడ్ తీసేద్దాం నాయనా. ఇప్పుడే తీసేస్తా" అని సంధ్య మౌసు లాక్కుంది. అంతలోనే ఆగిపోయింది. తీసేస్తే ఆ మనుషులంతా పోతారు. మళ్ళీ రారు. ఆమె నా వైపు చూసింది. కాపీ గురించి ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

"కండ్లు తుడిచేస్తా" అన్నాను.

రామేశ్వరమ్మ నా చేయి పట్టుకుంది. "వద్దు. నాకు ఉండే చూపు అదొక్కటే. దాన్ని గూడా తీసెయ్యొద్దు."

అప్పటి నుంచి లాప్‌టాప్ మూయడం లేదు. వీధంతా దీపాలు పెట్టాను, చుట్టూ ప్రహరీ కట్టాను. ఆమె అన్నం తింటుంది, మాట్లాడుతుంది, అప్పుడప్పుడు సుబ్బయ్యను తిడుతుంది. డాక్టర్లందరిదీ ఒకటే మాట, కళ్ళు బాగున్నాయని. నిన్న ఆమె నన్ను దగ్గరికి పిలిచి గుసగుసగా అడిగింది.

"నువ్వు గూడా రాయ్యా. ఈ సచ్చినోళ్ళ నడుమ ఒక్కదాన్నే ఉండలేకపోతాండా."

నన్ను నేను చెక్కుకున్నాను. నెరిసిన మీసం, వంగిన భుజాలు. తెచ్చి ఆమె పక్కన నిలబెట్టాను. కళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను.

"వచ్చినావా?" అంది.

"చేయి వణుకుతాంది. రేపు పెడతా" అన్నాను.

మౌసుకు వణుకుతో పని లేదని మీకు ముందే చెప్పాను. ఆమెకూ తెలుసు. అయినా "సరేలే" అంది. ఎన్ని కొట్లాటల్లో ముందు నిలబడ్డానో గొప్పలు చెప్పుకున్న మనిషిని, రెండు చుక్కలకు భయపడి పెళ్ళాన్ని ఆ చచ్చినవాళ్ళ నడుమ ఒంటరిగా వదిలేశాను.

ఈ పొద్దున లేచి తెర చూశాను. నా బొమ్మ ఆమె పక్కనే నిలబడి ఉంది. ఎడమ కన్ను తెరిచి ఉంది.

నేను పెట్టలేదు. సంధ్య ముట్టుకోలేదని ఒట్టేసింది.

వెనక్కి తిరిగాను. రామేశ్వరమ్మ మంచం మీద లేచి కూర్చుని, గోడ వైపు చూస్తూ నవ్వుతోంది. చాలా రోజుల తర్వాత చూశాను ఆ నవ్వు.

"ఒకటయ్యింది. రాయి శానా గట్టిగుంది. రెండోది మధ్యాన్నం చేస్తాలే" అంది. "భయపడాకు. నేనైతే అద్దం మర్సిపోను."

ఈ ఇంట్లో రాయి లేదు. నా ఉలులన్నీ ఆళ్లగడ్డలోనే ఉన్నాయి. దగ్గరికి వెళ్ళి ఆమె చేతులు పట్టుకున్నాను. వేళ్ళు చల్లగా ఉన్నాయి. గోళ్ళ సందుల్లో బూడిదరంగు రాతి పొడి... ఇంకా తడి ఆరలేదు.