ట్రేలో మిగిలిన బోల్టు

ఆ షెడ్డుకి చెడ్డపేరు రావడానికి ఎనిమిది నెలలు చాలాయి.

ఇంటి వెనక రేకుల షెడ్డు. మధ్యలో నేల తవ్విన గుంత. గుంత మీద డెబ్భై ఏళ్లనాటి కారు. ఆ ఇంటి పెద్దాయన దాని ఇంజిన్ దించుదామని గుంతలోకి దిగి, బోల్టులు వదులు చేస్తూ చేస్తూ, చేతిలో పానాతో సహా పోయాడు. ఆ తర్వాత్నించీ రాత్రిళ్లు లోపల చప్పుడు... టిక్... టిక్... ఎవరో నట్టు బిగిస్తున్నట్టు.

పిలిపించిన మెకానిక్కుల్లో ఒకడు రెండోరోజే సామాన్ల పెట్టె వదిలేసి పారిపోయాడు. రెండోవాడు పెట్టె పట్టుకున్నాడు గానీ చెప్పులు వదిలేశాడు.

దాంతో పెద్దాయన కొడుకు తేల్చేశాడు. "ఆదివారం పదింటికి పాత ఇనుము లారీ వస్తోంది. ఆలోగా బండి తనంతట తాను కదిలిందా, సరే. లేదంటే లారీ ఎక్కుతుంది."

వాళ్లమ్మ అటు తిరిగి కళ్లు తుడుచుకుంది. అది చూసిన అల్లుడు ఆగలేక అనేశాడు— "నేను నడిపిస్తాను అత్తయ్యా."

ఇంటిల్లిపాదీ పగలబడి నవ్వారు. నవ్వరూ మరి! అల్లుడు బస్సుల డిపోలో మెకానిక్కే. కానీ ఏది విప్పి బిగించినా ట్రేలో ఒక బోల్టో నట్టో మిగలాల్సిందే. అత్తగారి కుట్టుమిషను బాగుచేస్తే రెండు స్క్రూలు మిగిలాయి. మిషను మాత్రం వెనక్కి కుట్టడం మొదలెట్టింది.

మామగారు అతన్ని పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. "మొద్దూ" అనేవాడు, అంతే. కారు మీద చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు. ఆయనకో పద్ధతి ఉండేది— నట్టు బిగించాక, దాని మీంచి పక్కనున్న ఇనుము మీదికి గోళ్లరంగుతో సన్నటి గీత గీసేవాడు. నట్టు వెంట్రుకవాసి తిరిగినా గీత విరిగిపోతుంది. ఎవరి పనైనా ఆయనకి నచ్చితేనే ఆ గీత. పదిహేనేళ్లలో అల్లుడి పని మీద ఒక్క గీతా పడలేదు. అతనికి ఆ బాధ ఇంకా తీరలేదు.

డిపోలో వారం రోజులు సెలవు పెట్టాడు. చెయిన్ పుల్లీతో ఇంజిన్ పైకి లేపి బల్ల మీద దించాడు. బిగుసుకుపోయిన పిస్టన్లని డీజిల్‌లో నానబెట్టి, చెక్కముక్క అడ్డం పెట్టి ఒక్కొక్కటీ కొట్టి తీశాడు. వాల్వులు నూరాడు, కొత్త రింగులు వేశాడు. అంతా బాగానే ఉంది గానీ, రోజూ సాయంత్రానికి ట్రేలో ఒక బోల్టు మిగిలేది. "రేపు చూద్దాంలే" అనుకుని తలుపు వేసుకుని పోయేవాడు.

తెల్లారి చూస్తే ట్రే ఖాళీ. బోల్టు దాని చోట అది ఉంది. దాని మీద... సన్నటి గీత.

మొదటిరోజు పై ప్రాణాలు పైనే పోయాయి. రెండోరోజూ అదే వరస. ఎవరికి చెప్పుకుంటాడు? దెయ్యం మీద ఫిర్యాదు చెయ్యాలన్నా, అది పని శుభ్రంగా చేసిపెడుతోందాయె!

గురువారం రాత్రి ఇంటికి పోకుండా కారు వెనక పట్టా కప్పుకుని దాక్కున్నాడు.

అర్ధరాత్రి దాటింది... తలుపు కిర్రుమంది... అడుగులు... నడుం వంగిన ఆకారం ఒకటి ఇంజిన్ దగ్గర ఆగింది. టిక్... టిక్...

"మా... మా... మయ్యా!" అన్నాడు అల్లుడు, మేకపిల్ల గొంతుతో.

"మామయ్య కాదు, అత్తయ్యని. అరవకు, ఇంట్లోవాళ్లు లేస్తారు."

అత్తగారే. ఒక చేతిలో పానా, ఒక చేతిలో గోళ్లరంగు సీసా.

"మీరా! ఇన్నాళ్లూ మీరేనా?"

"ఆయన పోయాక నిద్రెక్కడ పడుతోందయ్యా... నలభై ఏళ్లు ఆయనకి టార్చి పట్టిందాన్ని. వచ్చి నాలుగు నట్లు చూసుకుంటే కాస్త మనసు కుదుటపడుతుంది."

"ఆ మెకానిక్కులు పారిపోతుంటే చెప్పొచ్చుగా?"

"పోనిద్దూ. సుత్తితో ఇంజిన్ బాదుతున్నారు, దరిద్రులు."

అల్లుడు గీత వంక చూశాడు. "ఇది గులాబీ రంగు. మామయ్యది ఎరుపు కదా?"

"ఆ ఎర్ర సీసా ఆయన జేబులోనే పెట్టి సాగనంపాను," అంది మెల్లగా. "అలాంటిది మళ్లీ దొరకలేదు."

ఆ రాత్రి నుంచి ఇద్దరూ కలిసే పనిచేశారు. శనివారం రాత్రికి ఇంజిన్ అడుగున ఆయిల్ చాంబర్ మూసి, పద్దెనిమిది బోల్టులు బిగించారు. పద్దెనిమిది గులాబీ గీతలు అత్తగారే గీసింది. ఇంజిన్‌ని కారులోకి దించారు. తర్వాత అల్లుడు ట్రే వంక చూశాడు...

ఒక బోల్టు.

అది చాంబర్ లోపలిది. ఇంజిన్‌లో తిరిగే ఇరుసుని, అదే క్రాంకుని, పట్టుకునే బేరింగ్ క్యాపుది. అది లేకుండా ఇంజిన్ తిప్పితే మొత్తం ముక్కలైపోతుంది. అల్లుడికి ఏడుపొచ్చింది. చచ్చినాయన అన్నది నిజమే, నేను మొద్దునే అనుకున్నాడు.

"ఆయిల్ ఇంకా పొయ్యలేదుగా. తెల్లారాక కింద నుంచి విప్పుదువు," అంది అత్తగారు. టార్చి బ్యాటరీ కూడా అప్పటికే అయిపోయింది. ఆవిడ కారు వెనక సీట్లో నడుం వాల్చింది. అతను గుంత మీద చెక్కలు పరిచి, వాటి మీదే పడుకున్నాడు. అతన్ని లేపకుండా గుంతలోకి దిగడం ఎవరి తరమూ కాదు.

తెల్లారింది. ట్రే ఖాళీ.

"అత్తయ్యా! బోల్టు తీశారా?"

"నాకు మెట్టు దిగడమే గగనం... గుంతలోకి దిగుతానా?"

చెక్కలు తీసి దిగాడు. చాంబర్ చుట్టూ పద్దెనిమిది గులాబీ గీతలూ చెక్కుచెదరలేదు. అంటే దాన్ని ఎవరూ విప్పలేదన్నమాట. అన్నీ విప్పి, చాంబర్ కిందికి దించాడు...

లోపల ఏం చూశాడో చెప్పేముందు ఒక మాట. బండి కదిలింది, ఆ బెంగ మీకొద్దు. తొమ్మిదిన్నరకి హ్యాండిల్ తిప్పితే ఇంజిన్ దగ్గి, తుమ్మి, అందుకుంది. అత్తగారిని కూర్చోబెట్టుకుని ఇనుము లారీ ఎదురుగానే కారు గేటు దాటింది. బావమరిది నోరు తెరిచాడు, ఇంకా మూయలేదని చెప్పుకుంటారు.

ఇక చాంబర్ లోపల... బోల్టు దాని చోట బిగించి ఉంది. దాని మీంచి క్యాపు మీదికి సన్నటి గీత. గులాబీ కాదు— ఎరుపు. వేలు పెడితే తడి అంటింది.

గీత కింద అంతే ఎర్రగా, చీమ తలకాయలంత అక్షరాలు:

"వాషర్ ఏదిరా, మొద్దూ?"