రంగుల మాస్టారి దరఖాస్తు

పొద్దున్న ఏడున్నరకి ఆ ఇంట్లో రోజూ ఒకటే హడావిడి. అత్తగారు వరండాలో కూర్చుని పేపర్లో ఎవరెవరు పోయారో పైకి చదివి వినిపిస్తారు. కోడలు టిఫిన్ డబ్బాల మూతలు బిగిస్తుంది. ఆమె భర్త మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని బూట్లు తుడుచుకుంటాడు. గోడలకి వేసే రంగుల ఫ్యాక్టరీలో ఆయన ఉద్యోగం. ఇందులో చుక్క నలుపు పడాలి, అందులో పసుపు ఎక్కువైంది అని కంటితో చూసి తేల్చే పని. ఇరవై రెండేళ్ళుగా వీధి వీధంతా ఆయన్ని రంగుల మాస్టారనే పిలుస్తోంది.

"నిన్న ఎనిమిది సర్టిఫికెట్లు రాశాను," అంది ఆమె డబ్బా అందిస్తూ. ఆమె బడి ఆఫీసులో గుమాస్తా. బడి మానేసి వెళ్ళిపోయే పిల్లలకి బదిలీ సర్టిఫికెట్లు రాసేది ఆమే. "ఎనిమిదిమందిలో ఆరుగురి నాన్నలకి ఉద్యోగాలు ఊడిపోయాయి. వేరే ఊరు చూసుకుంటున్నారు."

"పోతుంటాయి, వస్తుంటాయి."

"ఇళ్ళు కట్టేవాళ్ళే లేకపోతే మీ రంగులెవరు కొంటారండీ?"

"పాత ఇళ్ళున్నాయిగా. అవి వెలిసిపోవా ఏంటి?" అని నవ్వి ఆయన బయల్దేరాడు.

ఆ నవ్వు చూస్తే ఆమెకి ఒళ్ళు మండుతుంది. ఏడాదిగా చెబుతూనే ఉంది. ఫ్యాక్టరీవాళ్ళు రంగులు కలిపే కంప్యూటరు తెచ్చి, సాయంత్రాలు నేర్పిస్తాం రమ్మంటే ఆయన వెళ్ళలేదు. రెండో మాస్టరు, వయసులో చిన్నవాడు, వెళ్ళి నేర్చేసుకున్నాడు. కార్లకి రంగులు చేసే కంపెనీ ఒకటి మనుషులు కావాలని ప్రకటన వేస్తే, ఆమె కత్తిరించి ఆయన జేబులో పెట్టింది. చొక్కా ఉతుకుడికి వచ్చిన రోజున కాగితం ఆ జేబులోనే ఉంది.

ఆమె కూడా ఊరుకునే రకం కాదు. నెల క్రితం బడి అయ్యాక ఆఫీసులో కూర్చుని ఆయన పేరుతో ఆ కంపెనీకి దరఖాస్తు టైపు చేసింది. పదిహేడేళ్ళుగా చూస్తున్న సంతకమే కాబట్టి చెయ్యి వణక్కుండా పెట్టేసింది. పోస్టులో వేసి ఎవరికీ చెప్పలేదు. పిలుపొచ్చాక చెబుదాం, అప్పుడిక కాదనలేడు అనుకుంది.

ఆ సాయంత్రం ఆమె బడి నుంచి వచ్చేసరికి గుమ్మం ముందు ఆయన బూట్లున్నాయి. నాలుగున్నరకి ఆ బూట్లు ఇంటి దగ్గర ఉండటం ఆమె ఎప్పుడూ చూడలేదు.

ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కాళ్ళ దగ్గర సంచిలో ఫ్యాక్టరీలో వాడుకునే రంగు మరకల కోటు, మంచినీళ్ళ గ్లాసు. అత్తగారు ఎదురుగా బిక్కమొహం వేసుకుని చూస్తున్నారు.

"తీసేశారు," అన్నాడాయన. "ఇద్దరు మాస్టర్లలో ఒకర్ని తగ్గించమని పైనుంచి కాగితం వచ్చిందట."

"అయితే నువ్వెందుకురా? నిన్నగాక మొన్న చేరిన ఆ చిన్నవాడుండగా!" అన్నారు అత్తగారు.

"కార్ల రంగుల కంపెనీవాళ్ళు నా గురించి వాకబు చేస్తూ మేనేజరుకి ఫోన్ చేశారటమ్మా. నువ్వెలాగూ పోయేవాడివే కదా, ఉండేవాణ్ణి ఉంచుకుంటాను అన్నాడు."

ఆమెకి చేతిలో సంచి ఎక్కడ పెట్టాలో తోచలేదు.

"నీకెందుకురా ఇంకో కంపెనీ? ఎవరు పెట్టమన్నారు దరఖాస్తు?"

"నేనే పెట్టానమ్మా," అన్నాడాయన, భార్య వైపు చూడకుండా. ఆయన అలా చూడకపోవడంతోనే ఆమెకి అంతా అర్థమైంది. దాచుకుందామంటే ఆమె వల్ల కాలేదు.

"ఆయన కాదు అత్తయ్యా. నేనే రాశాను. సంతకం కూడా నేనే పెట్టాను."

అత్తగారు లేచి నిలబడ్డారు. "వాడి నోట్లో మట్టి కొట్టావు కదే! లక్షణంగా చేసుకుంటున్న ఉద్యోగం! మొగుణ్ణి ఉద్ధరించడానికి బయల్దేరావా?"

"కొట్టాను! ఆ చెయ్యి నాదే!" అంది ఆమె సంచి కింద పడేసి. "మరి ఏడాదిగా ఈయనతో మొత్తుకుంటుంటే మీలో ఒక్కరైనా విన్నారా? ఉద్యోగం చేతిలో ఉండగా ఇంకోటి అడిగితే కుర్చీ వేస్తారు. పోయాక అడిగితే గుమ్మంలోనే నిలబెడతారు. రోజూ ఆ సర్టిఫికెట్లు రాసేదాన్ని, నాకు తెలియదా? ఏమండీ, సాయంత్రం గంటసేపు ఆ క్లాసులో కూర్చుంటే మీ సొమ్మేం పోయేది? ఎందుకంత మొండితనం?"

ఆయన కాళ్ళ దగ్గరి సంచిని కుర్చీ కిందికి తోశాడు.

"మేనేజరు ఆ కంపెనీ నుంచి దరఖాస్తు నకలు తెప్పించుకున్నాడు," అన్నాడు మెల్లగా. "నా ముందు పెట్టి, ఈ సంతకం నీదేనా అన్నాడు. కాదంటే ఉండనిచ్చేవాడే."

"మరి కాదని చెప్పొచ్చు కదండీ!"

"కాదంటే ఎవరిదంటాడు. నా భార్య దొంగసంతకం పెట్టిందని చెప్పనా? బడిలో ఉద్యోగం చేసుకుంటున్నదానివి. నీదీ పోతే ఇంటి గతేంటి?"

ఆమె అక్కడే గోడకి ఆనుకుని కూలబడి ఏడ్చింది. అత్తగారికి ఇక ఎవర్ని తిట్టాలో తెలియలేదు. "పోనీ, ఆ కార్లవాళ్ళయినా తీసుకుంటారేమో కదరా," అన్నారు.

"లేదమ్మా, వచ్చేదార్లో వాళ్ళకి ఫోన్ చేశాను. పక్కన పడేశారట. దరఖాస్తులో సమయానికి వస్తాను, సెలవులు పెట్టను, మంచివాణ్ణి అని రాసుంది. బడిపిల్లాడి గురించి రాసినట్టుంది. నా పని గురించి ఒక్క ముక్క లేదు."

"మీరెప్పుడైనా చెబితే కదా రాయడానికి!" ఏడుపులోనే అంది ఆమె. "ఏం చేశారండీ ఇవాళ అంటే 'ఏముంటుంది, రంగులు' అంటారు. పదిహేడేళ్ళ కాపురంలో నాకు తెలిసింది అంతే!"

కాసేపటికి అత్తగారే వెళ్ళి టీ పెట్టుకొచ్చారు. మొదటి గ్లాసు కోడలి చేతికే ఇచ్చారు. టీ తాగాక ఆమె మొహం కడుక్కుని, నోటుపుస్తకం తెచ్చి ఆయనకెదురుగా కూర్చుంది.

"చెప్పండి. మీ పనేమిటో మొదట్నించీ చెప్పండి. ఇంకో నాలుగు చోట్లకి పంపుదాం. ఈసారి మీరు చెప్పిందే రాస్తాను."

ఆయన మొదట నసిగాడు. తర్వాత తెలుపుతో మొదలుపెట్టాడు. తెలుపంటే ఒకటి కాదన్నాడు. తను చేసినవే పదకొండున్నాయన్నాడు. తడి రంగు ఆరాక కాస్త ముదురుతుందనీ, ఆ కాస్తనీ ముందే కంట్లో పట్టుకోవాలనీ చెప్పాడు. ఒక ఆసుపత్రివాళ్ళు పాత గోడ పెచ్చు తెచ్చి అచ్చం ఇదే ఆకుపచ్చ కావాలంటే, తొమ్మిదోసారికి కుదిరిందన్నాడు. చెబుతుంటే చేతులు వాటంతటవే గాల్లో కలుపుతున్నాయి. ఆమె రాస్తూ రాస్తూ తలెత్తి చూసింది. ఇంత మాట్లాడే మనిషి ఇన్నేళ్ళూ తన ఇంట్లోనే ఉన్నాడా అనిపించింది.

"ఎరుపులు అయ్యాయి. ఇక నీలాలు చెప్పండి."

"నీలం వద్దులే."

"ఎందుకు వద్దు?"

ఆయన చేతులు ఒళ్ళోకి వచ్చేశాయి. "రెండేళ్ళుగా నీలం నాకు దొరకట్లేదు. బూడిద రంగులా మసగ్గా ఉంటోంది. నేను పాడుచేసినవన్నీ ఆ చిన్నవాడు చాటుగా సరిచేసేవాడు. చూసీ చూడనట్టు ఊరుకునేవాణ్ణి. ఆ కంప్యూటరు క్లాసులో చేరాలంటే ముందు కంటి పరీక్ష చేస్తామన్నారు. నువ్వు జేబులో పెట్టిన ప్రకటనలో కూడా అడుగున అదే ఉంది. నువ్వు నన్ను మొండివాడనుకుంటే అనుకో, గుడ్డివాడనకుండా ఉంటే చాలనుకున్నాను."

ఆమె చేతిలో పెన్ను ఆగిపోయింది. ఏడాదిపాటు తను పొద్దున్నే డబ్బాతో పాటు అందించిన మాటలన్నీ గుర్తొచ్చాయి. వాటన్నిటినీ ఆ మనిషి నవ్వుతూనే మోశాడు.

అత్తగారు కుర్చీ దగ్గరికి వచ్చి కొడుకు గడ్డం పట్టుకుని మొహం పైకెత్తారు. "ఒరేయ్, నా రెండు కళ్ళకీ పొర తీయించింది నువ్వే కదరా. నెల తిరక్కుండా చూపు తేటపడలేదూ? నీదీ ఆ పొరేనేమో! డాక్టరుకి చూపించుకోవాలని తోచలేదా?"

"తోచిందమ్మా. కళ్ళకని సెలవు పెడితే ఫ్యాక్టరీ అంతా చాటింపు అయిపోతుంది. రంగుల మాస్టారికి కళ్ళు పోయాయంటే ఇంకేం మిగులుతుంది?"

"ఫ్యాక్టరీకి చెప్పకపోతే పోనీరా. మాకు చెప్పకూడదూ?"

ఆ ఒక్క మాటకి ఆయన కట్ట తెగినట్టు ఏడ్చేశాడు. పొద్దున్నించీ ఎవరి ముందూ తడవని కళ్ళు తల్లి చేతుల్లో తడిసిపోయాయి. నెల రోజుల్లో తీరిపోయేదేమో ఆ భయం. ఇంట్లో ఒక్కరికి చెప్పలేక రెండేళ్ళు దాచిపెట్టాడు. అది తెలియక ఆమె పక్కనుంచి తోసింది. ఇద్దరూ ఒకరికొకరు మేలే తలపెట్టారు, ఉద్యోగం మాత్రం పోయింది.

ఆమె పుస్తకం మూసి ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది. "రేపు బడికి సెలవు పెడతాను. కంటి డాక్టరు దగ్గరికి వెళ్దాం. ఉత్తరాల సంగతి ఆ తర్వాత."

"పొర కాదు, ఇంకేదో ఉందంటే?"

"అంటే ఇద్దరం వింటాం. మీరొక్కరే వినక్కర్లేదు."

ఆయన తలూపాడు. అత్తగారు కొడుకు కళ్ళు తుడిచి, అదే చేత్తో కోడలి కళ్ళు కూడా తుడిచారు.