చలికాలం రేకు

పాత పంపుహౌసు పేరెత్తితే మా ఊళ్ళో గట్టి మగాళ్ళు కూడా మాట మార్చేస్తారు. ఊరి చివర, చెరువు నీళ్ళ పక్కనే పోయే పల్లపు రోడ్డు మీద ఉంటుందది. తలుపుల్లేవు, కిటికీల్లేవు. ఎప్పుడో అక్కడ పనిచేసిన పంపు డ్రైవరు ఒకాయన, చలికాలంలో డ్యూటీ దిగి, ఇంటికి పోవడానికి ఏ బండీ దొరక్క, రోడ్డు పక్కన కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడట. అప్పట్నుంచీ చలి ముదిరితే చాలు... లిఫ్టు అడుగుతాడట.

చెయ్యి అడ్డం పెట్టడు. కేక వెయ్యడు. బండి దానంతటదే ఆగిపోతుంది — అంతే.

"ఆయన వెనకెక్కి కూర్చునేదాకా కదలదు. కూర్చున్నాక ఏమీ జరగనట్టు స్టార్టవుతుంది," అంటారు. అందుకే అక్కడికి రాగానే అందరిదీ ఒకటే పద్ధతి. మాటలు బందు. హారను బందు. యాక్సిలరేటరు రేజ్ పెంచకుండా, తగ్గించకుండా, సన్నగా ఒకే తీరున పట్టుకుని, ఊపిరి బిగబట్టి ఆ పొడుగు రోడ్డంతా దాటాలి. చప్పుడైతే ఆయన లేస్తాడని!

ఇలాంటివి వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. దెయ్యాల కథలు చెప్పే రకం కాదు నేను. కానీ ఇందులో ఇరుక్కున్నది మా అక్క. అక్క నాకు ఎప్పటికప్పుడు చెప్పిందే మీకు చెబుతున్నాను... చివరి ముక్క తప్ప.

అక్కకి ఈ చలికాలం మొదట్లోనే ఉద్యోగం వచ్చింది. ఎన్ని గడపలు ఎక్కి దిగితే వచ్చిందో నాకు తెలుసు. పెద్ద కోల్డ్ స్టోరేజీ గోదాంలో మీటర్లు చూడాలి, పైపుల మీద మంచు పేరుకుంటే కరిగించాలి. ఇంకా పర్మనెంటు కాలేదు. తెల్లారకముందే వచ్చే మొదటి బస్సు పట్టుకోవాలి, ఆ బస్సు ఆగేది పంపుహౌసు అవతల కూడలిలో. బావ తన బండి మీద దింపి వచ్చి, తర్వాత తను పనిచేసే కళ్ళద్దాల షాపుకి పోతాడు.

బండి అంటే బావది కాదు, వాళ్ళ నాన్నగారిది. ఆయన ఎండాకాలంలో పోయారు. బండి షెడ్డులో ఉండిపోయింది. చాలా పాతది, కానీ గుర్రంలాంటి బండి.

గుర్రం సరిగ్గా పంపుహౌసు దగ్గరే మొరాయించింది.

మొదటిసారి ఎలా జరిగిందో అక్క చెబుతుంటే నాకూ ఒళ్ళు జలదరించింది, ఒప్పుకుంటాను. ఇంకా చీకటి. మంచు ఎంత దట్టంగా ఉందంటే హెడ్‌లైటు వెలుతురు ముందు చక్రం దాటి పోవట్లేదు. నీళ్ళ మీంచి తడిగాలి. బావ రివాజు ప్రకారం నోరు మూసుకుని, సన్నగా ఒకే రేజ్ మీద పోనిస్తున్నాడు. అప్పుడు... బండికి ఆయాసం వచ్చింది. వెనక నుంచి ఎవరో పట్టుకుని లాగుతున్నట్టు బరువెక్కింది. రెండుసార్లు గక్కుమంది—

ఆగిపోయింది.

నల్లటి గోడలు. లోపల ఎక్కడో నీటిచుక్కలు పడుతున్న చప్పుడు. బావ కిక్కు మీద కిక్కు కొడుతున్నాడు. ఊహూఁ.

"ఏవండీ... పెట్రోలుందా?" అక్క గుసగుసగా అడిగింది.

"ష్... మాట్లాడకు."

కాసేపు అలా నిలబడ్డారు. ఆ తర్వాత ఒక్క కిక్కు... బండి స్టార్టయింది! శుభ్రంగా, ఏ జబ్బూ లేనట్టు. బావ ముఖంలో నెత్తురు చుక్క లేదు. వెనక్కి తిరిగి చూడలేదట. "నువ్వు ఎక్కావా?" అని రెండుసార్లు అడిగాడట పాపం, ఎక్కింది అక్కేనా అని!

బస్సు వెళ్ళిపోయింది.

మర్నాడు బాగానే పోయింది. ఆ మర్నాడు మళ్ళీ ఆగింది. మంచు పట్టిన ప్రతి రోజూ ఆగింది. విచిత్రం ఏమిటంటే, అక్కని దింపి, ఎండ పొడ వచ్చాక బావ ఒక్కడే తిరిగొస్తుంటే ఏ రోజూ ఆగలేదు. ఒక్కసారి కూడా!

అది చాలు కదా మనవాళ్ళకి. అక్క వాళ్ళ అత్తగారు అందుకుంది.

"వాడొక్కడే వస్తే ఆ డ్రైవరు ఊరుకుంటున్నాడు. వెనక సీట్లో నువ్వు కూర్చుంటే ఆయనకి చోటెక్కడ, చెప్పు? ఆడది చీకట్లో గడప దాటితే ఇంతే అమ్మాయ్. మానెయ్."

పొద్దున ఇదే పాట, రాత్రి ఇదే పాట. అక్క చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. బావ ఇటు తల్లికి చెప్పలేడు, అటు పెళ్ళానికి చెప్పలేడు, అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెడతాడు. నాకైతే ఆ ఇంటికి వెళ్తే చాలు, పళ్ళు నూరుకోవడమే సరిపోయేది.

బండిని గ్రీజు బాబాయ్ దగ్గరికి తీసుకుపోయారు. మా ఊరి మెకానిక్కు. ప్లగ్గు మార్చాడు. ట్యాంకు కడిగాడు. పెట్రోలు పైపు మార్చాడు. తనే ఎక్కి ఊరంతా తిప్పాడు. బండి బుద్ధిగా నడిచింది, చచ్చినా ఆగలేదు.

"పగలు తెస్తారు, పగలు ఇది పెళ్ళిచూపుల్లో పిల్లలా ఉంటుంది. నేనేం రోగం కనిపెట్టను?" అని పానా నేలకేసి కొట్టాడు. ఆయన తల ప్రాణం తోకకొచ్చింది.

ఇంతలో గోదాం సూపర్వైజరు అక్కని పిలిచి, కేకలెయ్యకుండా, మెల్లగా చెప్పాడట. "ఇంకొక్కసారి లేటైతే... ఇక రానక్కర్లేదమ్మా."

ఆ రాత్రి అక్క నా దగ్గరికొచ్చి ఏడ్చింది. నేను టైలరింగ్ షాపులో గుండీలు కుట్టుకునేదాన్ని, నేనేం చెయ్యగలను? తిట్టాను. పంపుహౌసుని, దెయ్యాన్ని, బావని, అందరినీ కలిపి తిట్టాను.

మర్నాడు మళ్ళీ మంచు. మళ్ళీ అక్కడే ఆగింది.

ఈసారి అక్కకి భయం వెయ్యలేదట. కోపం వచ్చింది. ఇన్నాళ్ళూ అణుచుకున్నదంతా ఒక్కసారే వచ్చేసింది. బండి దిగి, పంపుహౌసు వైపు తిరిగి, "ఏం కావాలయ్యా నీకు? నా ఉద్యోగం కావాలా? తీసుకో!" అని అరిచింది. బావ గుడ్లు తేలేశాడు. కోపం ఇంకా తీరక, అక్క బండిని పట్టుకుని చరిచింది, ఎక్కడ తగిలితే అక్కడ—

చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కుంది.

చల్లగా ఉంది. మామూలు చల్లదనం కాదు... వేళ్ళు అంటుకుపోయేంత. పక్కన ఇంజను సెగలు కక్కుతోంది, దానికి జానెడు దూరంలో కార్బురేటరు మీద తెల్లగా నూగు మంచు. ఫోను లైటు వేసి చూసింది. రోజూ గోదాంలో పైపుల మీద గీకి గీకి కరిగించే మంచే, అచ్చంగా అదే.

చూస్తుండగానే ఇంజను వేడికి కరిగి, చుక్కలుగా కారిపోయింది. ఒక్క కిక్కు. స్టార్ట్.

అదృష్టం బాగుండి ఆ రోజు బస్సు కూడా మంచులో ఆలస్యమైంది. సాయంత్రం పని దిగగానే అక్క నన్ను వెంటబెట్టుకుని నేరుగా గ్రీజు బాబాయ్ దగ్గరికి నడిచింది. చెప్పింది వినగానే ఆయన నుదురు కొట్టుకున్నాడు, ఆ మసి చేత్తోనే.

"మంచమ్మా, మంచు! కార్బురేటరు గొంతులో మంచు కడుతోంది. పెట్రోలు చేతి మీద పోసుకుంటే చల్లగా లేదూ? లోపలా అంతే, పెట్రోలు ఆవిరవుతూ ఆ గొంతుని చల్లబరుస్తుంది. బయట తడిగాలి, పైగా చలి. గాలిలో ఉన్న తేమంతా అక్కడే గడ్డకట్టి గొంతు మూసేస్తుంది. గాలాడక బండి చస్తుంది. కాసేపు ఆగితే ఇంజను వేడికి కరిగిపోతుంది. నా దగ్గరికి తెచ్చేసరికి దొంగ పరారు!"

"మరి పంపుహౌసు దగ్గరే ఎందుకు బాబాయ్?" అన్నాను.

"నీళ్ళ పక్కన పల్లం కదా, తేమంతా అక్కడే. దానికి తోడు మీ వెర్రి పద్ధతొకటి, సన్నగా ఒకే రేజ్ మీద పాకించుకుంటూ పోవడం! సగం మూసిన గొంతులోనే మంచు తొందరగా కట్టేది. గేరు తగ్గించి, రేజ్ ఇస్తూ, చప్పుడు చేసుకుంటూ పోతే అంతగా కట్టదు."

దెయ్యం లేస్తుందని భయపడి, ఆ భయంతోనే బండి ఆపుకుంటున్నాం! నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

బాబాయ్ ఉన్నట్టుండి ఆగాడు. "అవునూ... మీ మామగారు, పెద్దాయన, చలికాలం రాగానే ఒక రేకు బిగించేవాడే. చల్లగాలి కార్బురేటరుకి కొట్టకుండా అడ్డం, ఇంజను వేడి అటు మళ్ళేలా. స్వయంగా వంచుకున్నాడు. ఏదది?"

ఇంటికెళ్ళి అడిగితే బావ నోరెళ్ళబెట్టాడు. "ఆ రేకా? నాన్న మోకాలికి చలి తగలకుండా పెట్టుకున్నాడనుకున్నాను! షెడ్డు గోడకి వేలాడుతూ ఉండేదే..." షెడ్డంతా గాలించాడు. లేదు.

వంటింట్లో అత్తగారు చేతులు తుడుచుకుంది. లోపలికెళ్ళింది. బీరువాలోంచి పాత తువ్వాల్లో చుట్టిన మూట తెచ్చి బల్ల మీద పెట్టింది.

రేకు.

"నేనే తీసి దాచాను," అంది. "ఆయన చెప్పేవారు, ఇది లేకపోతే చలిలో బండి ఆగుతుందని. ఆగితే... అమ్మాయి మానేస్తుందనుకున్నాను."

నాకు పట్టరాని కోపం వచ్చింది. "ఇంతమందిని ఇన్నాళ్ళు ఏడిపిస్తారా అత్తయ్యగారూ? అక్క ఉద్యోగం పోయేది తెలుసా?" అని పెద్దంతరం చిన్నంతరం లేకుండా అడిగేశాను. అక్క నా చెయ్యి గిల్లింది. ఆవిడ తల ఎత్తలేదు.

"మీ ఇద్దరూ గేటు దాటాక... తెల్లారేదాకా ఈ ఇంట్లో నేనొక్కదాన్నే."

"అయితే?"

"షెడ్డులో... కిక్కు కొడతారు."

బావ కిటికీలోంచి షెడ్డు వైపు చూశాడు.

"ఆయనే, మీ మామగారే. ముందు రెండు సగం కిక్కులు... ఒక దగ్గు... అప్పుడు గట్టిగా ఒకటి. నలభై ఏళ్ళు విన్నాను, నాకు తెలియదా? రోజూ కొడతారు. స్టార్టవ్వదు. కొట్టీ కొట్టీ ఆగిపోతారు. నాకు భయమేస్తోందే అమ్మాయ్... ఎలా చెప్పను మీకు?"

షెడ్డులో ఉండే బండి ఒక్కటే. ఆ వేళప్పుడు అది బావ దగ్గర పంపుహౌసు రోడ్డు మీద ఉంటుంది.

అక్క ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, "పోనీ, మానేస్తాలెండి అత్తయ్యా," అంది. అంతే మెత్తగా! ఇన్ని గడపలు ఎక్కి తెచ్చుకున్న ఉద్యోగం!

"ఎవరూ ఏదీ మానక్కర్లేదు. గాలికి తలుపు కొట్టుకుంటుంది, పిల్లి డబ్బా దొర్లిస్తుంది. రేపు పొద్దున్నుంచీ నేనొచ్చి అత్తయ్యగారి దగ్గర కూర్చుంటాను," అన్నాను. "మా షాపు తీసేది ఎండెక్కాకే కదా."

బావ ఆ రాత్రే రేకు బిగించాడు.

మర్నాడు చీకటితోనే వెళ్ళాను. బయట చెయ్యి చాస్తే చెయ్యి కనిపించనంత మంచు. బావ, అక్క బయల్దేరారు. బండి చప్పుడు వీధి మలుపు దాటి, సన్నబడి, పోయింది. బావ ఈసారి రేజ్ బాగా ఇస్తున్నాడు, మలుపు దాకా వినిపించింది. నేనూ అత్తగారూ వంటింట్లో టీ గ్లాసులు పట్టుకుని కూర్చున్నాం. ఆవిడ కళ్ళు కిటికీ మీదే ఉన్నాయి. కిటికీ అవతల షెడ్డు... ఖాళీగా.

నా ఫోను మోగింది. అక్క.

"దాటేశామే! అసలు ఆగలేదు! కూడలిలో ఉన్నాం, బస్సు వస్తోంది, దీపాలు కనిపిస్తున్నాయి!" అక్క అంత గట్టిగా నవ్వడం విని ఎన్నాళ్ళయిందో. పక్కన బావ కూడా ఏదో అంటున్నాడు. నాకు కళ్ళు చెమర్చాయి. "చూశావా మరి! నే చెప్పలా—" అన్నాను.

అప్పుడు... షెడ్డులో.

సగం కిక్కు.

మళ్ళీ సగం కిక్కు.

దగ్గు. మనిషి దగ్గు.

అత్తగారు నా మణికట్టు పట్టుకుంది.

అప్పుడు గట్టిగా ఒకటి — స్టార్టయింది. నిండుగా, కిటికీ అద్దాలు అదిరేలా. షెడ్డు దాటి, మా పక్కనుంచే, గేటు వైపు పోతోంది. కిటికీలో మంచు తప్ప ఏమీ లేదు.

"ఏంటే ఆ బండి చప్పుడు?" ఫోనులో అక్క. "ఈయన ఇక్కడే ఉన్నారే... ఎవరొచ్చారు?"

ఉన్నది చెబితే అక్క బస్సు ఎక్కదు. ఇవాళే కాదు, ఇక ఎప్పుడూ ఎక్కదు.

"వీధిలో ఎవరో పోతున్నార్లే," అన్నాను. "నువ్వు ముందు బస్సెక్కు. లేటవుతుంది."

ఫోను పెట్టేశాను. బండి చప్పుడు వీధి మలుపు దాటింది, పంపుహౌసు వైపు. అత్తగారు నా చెయ్యి వదల్లేదు, కానీ ఆవిడ పట్టు సడలింది.

"రేకు పెట్టారుగా," అంది మెల్లగా. "ఇక ఆయన దారిలో ఎక్కడా ఆగరు."