తలుపు ముందు ఆగిన దెయ్యం

వారానికో దెయ్యం కథ చూపించే ఆ టీవీ సీరియల్లో నిన్నటి ఎపిసోడ్ తుస్సుమంది. దెయ్యం మెట్లెక్కి వచ్చి తలుపు ముందు ఆగితే జనానికి వణుకు పుట్టలేదు సరికదా, హాయిగా అనిపించిందట!

డైరెక్టర్ తిట్లన్నీ సౌండు కుర్రాడికే పడ్డాయి. తెర మీద ఎవరు నడిచినా, తన గదిలో చెప్పులేసుకుని నడిచి ఆ చప్పుడు రికార్డు చేసేది అతనే మరి. బిక్కమొహం వేసుకుని కిటికీలోంచి వాన చూస్తుంటే, ఎడిటర్ అమ్మాయి తలుపు తోసుకుని వచ్చింది.

"ఏవండీ, దెయ్యాలు అలాగేనా నడిచేది?"

"దెయ్యాలతో నాకంత పరిచయం లేదండీ."

"నా నడకతో మాత్రం బాగానే ఉన్నట్టుంది. గబగబా రావడం, తలుపు ముందు ఆగడం, మడమ నేలకి రాసుకోవడం... రాత్రి టీవీలో వినగానే గుర్తుపట్టాను."

అతను గభాల్న కిటికీ వదిలి ఇటు తిరిగాడు.

ఆమె రోజూ ఆ తలుపు దాకా వచ్చేది. పైన రికార్డింగు జరుగుతోందని చెప్పే ఎర్రలైటు వెలుగుతుంటే కాసేపు ఆగి వెళ్లిపోయేది. లోపల అతను పని మానేసి, ఊపిరి బిగబట్టి, ఆ అడుగులే వింటూ ఏదో కలలో ఉన్నట్టు కూర్చునేవాడు. లేచి తలుపు తీసే ధైర్యం ఒక్కనాడూ చాలలేదు. దెయ్యాన్ని నడిపించాల్సి వచ్చినప్పుడు అతని కాళ్లకి మరో నడక రాలేదు.

"తప్పయిపోయింది. ఇవాళే మార్చేస్తాను."

"మా బామ్మ ఏమందో తెలుసా? 'పాపం, ఆ పిల్ల ఎంత ఆశగా వచ్చిందే! లోపలున్న మొద్దు తలుపు తీయడేం?' అని టీవీతో పోట్లాడింది."

"మీరేమన్నారు?"

"ఆ మొద్దు నాకు తెలుసన్నాను."

చెప్పి చక్కా వెళ్లిపోయింది. తలుపు మూసుకుంది. అడుగులు వానచప్పుడులో కలిసి వరండా చివరికి పోయాయి. అంతా అయిపోయిందనుకున్నాడు.

అంతలో అవే అడుగులు వెనక్కి వచ్చాయి. గబగబా వచ్చి, తలుపు ముందు ఆగాయి. మడమ నేలకి రాసుకుంది.

అతను ఒక్క ఉదుటున లేచి తలుపు తీశాడు.

"ఇన్నాళ్లు పట్టిందా?" అంది ఆమె.

"ఆ దెయ్యానికి భయపడింది నేనొక్కణ్నేనండీ."

"ఇప్పుడో?"

"ఇప్పుడూ భయమే. మళ్లీ వెళ్లిపోతారేమోనని. మీరంటే నాకు ప్రాణం."

ఆమె తల వంచుకుని నవ్వింది. వానజల్లు ఇద్దరి మీదా పడుతోంది.

"పదండి. తలుపు తీశారని మా బామ్మకి మీరే చెబుదురుగాని."